దేగ్‌లో తిరిగే కర్ర ఏ చెట్టుది?

రంజాన్ నెలలో అసర్ నమాజు తర్వాత మసీదు వంటశాల దగ్గర నిలబడి చూసినవారికి ఘోట్నీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. హలీమ్ దేగ్‌లో గోధుమలూ, మాంసమూ, పప్పులూ ఒకటయ్యేదాకా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మెదిపే పొడవాటి కర్ర అది. ఇంట్లో పప్పుగుత్తి చేసే పనినే అది పెద్ద ఎత్తున చేస్తుంది.

తినబోయేది హలాలా, కాదా అని మనం విచారిస్తాం. జంతువును ఎవరు జిబహ్ చేశారని అడుగుతాం. నెయ్యిలో కల్తీ ఉందేమోనని వాసన చూస్తాం. కాని మూడు నాలుగు గంటలపాటు ఆ ఆహారంలోనే ఉడుకుతూ తిరిగే కర్ర ఏ చెట్టుదని అడిగేవారు అరుదు. ఒకసారి నేనూ అడగలేదు. అడగనందువల్ల ఏమి జరిగిందో పాఠకులకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

అరగంటలో పాడైన దేగ్

కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాల రంజాన్‌లలో మా మసీదులో సామూహిక ఇఫ్తార్ జరగలేదు. ఆమదాలవలసలో మా వంటసామాను రెండేళ్ళపాటు తాళం వేసిన గదిలోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో రంజాన్ వచ్చాక గది తెరిచి చూస్తే, ఏళ్ళ తరబడి వాడుతున్న ఘోట్నీ నిలువునా పగిలి ఉంది. కొత్తది తెచ్చే పని నాకు అప్పగించారు.

నేను బడి నుంచి వస్తూ ఒక కర్రల దుకాణం వద్ద ఆగాను. మూలన పడి ఉన్న ఒక మోపును చూపించి, నాలుగు అడుగుల ముక్క కోసి గుండ్రంగా చెక్కించి ఇమ్మన్నాను. “మంచి కర్రేనా?” అని అడిగాను. “గట్టి సరుకు మాస్టారూ” అన్నాడు ఆయన. అంతటితో నా విచారణ ముగిసింది. డబ్బిచ్చి, భుజాన వేసుకొని వచ్చేశాను.

మొదటి జుమా నాడు హలీమ్ వండాం. ఆ రోజు దేగ్‌లో పడిన గోధుమలకు ఒక విశేషం ఉంది. నాలుగిళ్ళలో పని చేసుకొని బతికే ఒక పెద్దావిడ ఏడాదంతా కొద్దికొద్దిగా దాచి, రోజేదార్ల కోసమని కమిటీ చేతిలో పెట్టిన డబ్బుతో కొన్న గోధుమలవి.

మగ్రిబ్‌కు ఇంకా అరగంట ఉందనగా వంటమనిషి నన్ను పిలిచాడు. దేగ్ మీదికి వంగి చూశాను. గరం మసాలా వాసనను తోసుకుంటూ ఏదో మందు వాసన వస్తోంది. ఘోట్నీ పైకి తీస్తే దాని కొస నల్లగా, జిగటగా ఉంది. ఇమామ్ సాహెబ్‌ను పిలిచాం. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, అనుమానం కలిగించే దాన్ని వదిలి అనుమానం లేనిదాన్ని పట్టుకోమన్న ప్రవక్త (స) హితవును గుర్తు చేశారు. “పిల్లలున్నారు, వృద్ధులున్నారు. ఇది ఎవరికీ పెట్టవద్దు” అన్నారు. పశువులు కూడా తినకుండా గొయ్యి తీసి అంత వంటనూ పూడ్చాం. ఆ సాయంత్రం ఖర్జూరాలు, అరటిపళ్ళు, మంచినీళ్ళతోనే అందరం ఇఫ్తార్ చేశాం.

నమాజు అయ్యాక ఆ పెద్దావిడ దగ్గరకు వెళ్ళి క్షమించమని అడిగాను. “అల్లాహ్ నియ్యత్ చూస్తాడు బేటా, నా గోధుమలు ఎక్కడికీ పోలేదు” అన్నది. కొంచెం ఆగి, “పాపం పిల్లలే ఆకలితో ఇంటికి పోయారు” అన్నది. ఆ రెండో మాట ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

అడగనివాడు, చెప్పనివాడు

మర్నాడు ఆ కర్రను మా వీధిలో ఉండే ఒక వృద్ధ వడ్రంగి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన దాన్ని గోటితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకొని, నా ముఖం వంక చూశారు.

“ఏటి మాస్టారూ, ఇది పాత గుమ్మం కర్ర. సెదలు పట్టకుండా మందు పూసినారు. దీన్ని తీసుకెళ్ళి వంటలో ఎట్టినారేటి? ఏ సెట్టుదో అడిగినారా?”

“అడగలేదు ఆచారిగారూ” అన్నాను.

“మరి అడగాల గదా!”

దుకాణదారుని దగ్గరకూ వెళ్ళాను. పోట్లాడటానికి కాదు, తెలుసుకోవడానికి వెళ్ళాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. “వంటకని మీరు సెప్పనేదు మాస్టారూ. పందిరికో, పారకో అనుకున్నాను” అన్నాడు. ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. కాని పూర్తి న్యాయం లేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలిందని, వర్షానికి తడిసిందని వ్యాపారి చెప్పగా, ఆ తడిసిన దాన్ని అందరికీ కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారని, మోసం చేసేవాడు తన వాడు కాడని హెచ్చరించారని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. సరుకులోని లోపాన్ని కొనేవాడు అడగకపోయినా అమ్మేవాడు చెప్పాలన్నది మన ధర్మశాస్త్రం నేర్పే వ్యాపార నీతి. అలాగని కొనేవాడి బాధ్యత తీరిపోదు. నలుగురు తినే వంటకు పూచీ వహించినవాడు అడిగి తెలుసుకోవాలి. అది అమానత్. ఆ రోజు చెప్పవలసినవాడు చెప్పలేదు, అడగవలసిన నేను అడగలేదు. మా ఇద్దరి మౌనం వల్ల ఒక పేదరాలి సదఖా గోతిలో పడింది.

చేవ ఉన్న కర్ర

కొత్త ఘోట్నీ చేసి ఇవ్వమని ఆచారిగారినే అడిగాను. ఆయన పెరట్లోంచి ఒక చింత దుంగ తీశారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన జిల్లాను అతలాకుతలం చేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమైన ఆ గాలికే ఒక బంధువుల ఊళ్ళో చింతచెట్టు కూలిందట. దాని మొద్దును ఆయన తెచ్చి మూడున్నరేళ్ళుగా నీడన ఆరబెట్టారు. “పచ్చి కర్ర వంట్లోకి పనికిరాదు. ఎండలో ఆరబెడితే పగులుద్ది. నీడనే ఆరాల” అన్నారు.

అప్పుడే నాకు చేవ అంటే ఏమిటో చూపించారు. దుంగను అడ్డంగా కోస్తే బయటి భాగం లేత రంగులో, మెత్తగా ఉంది. లోపలి భాగం ముదురు రంగులో, రాయిలా ఉంది. లోపలిదే చేవ. బయటి కర్ర నీరు పీలుస్తుంది, పురుగు పడుతుంది. చేవ నీటినీ, వేడినీ తట్టుకుంటుంది. బాడితతో పై కర్రనంతా చెక్కేసి, చేవను మాత్రం మిగిల్చి, చిత్రిక పట్టి, కొసను గుండ్రంగా తీర్చడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది.

చింత చేవ గొప్పదనం మన ఖసాయి సోదరులకు కొత్త కాదు. మాంసం కొట్టే మొద్దు ఎక్కువగా చింతదే ఉంటుంది. ఎన్ని కత్తి దెబ్బలు పడినా అది తొందరగా పెచ్చులు ఊడదు, మాంసంలో పేళ్ళు కలవవు. ఇలా ఏ పనికి ఏ కర్ర అన్నది మన పెద్దలు అనుభవంతో తేల్చుకున్నారు. రోకలికి చండ్ర, తుమ్మ వంటి బరువైన కర్ర వాడారు. పనస కర్ర పసుపుపచ్చగా, తేలికగా ఉండి చెక్కుడుకు లొంగుతుంది. విజయనగరం జిల్లా బొబ్బిలి వీణలను పనస మొద్దులోంచే తొలుస్తారు. గిన్నెలు, వడ్డించే గరిటెలకూ ఆ కర్ర బాగుంటుంది. వేప కర్ర మొదట్లో కొంచెం చేదు వాసన వేసినా కడగగా కడగగా పోతుంది. మామిడి చవక, కాని నీరు పీల్చి త్వరగా బూజు పడుతుంది. దాన్ని పళ్ళేలకు, పొడి సరుకుల డబ్బాలకు వాడటం మేలు. వేగిస కర్రతో చేసిన గ్లాసులో నీళ్ళు పోసి ఉంచితే రంగు మారతాయి. చక్కెర వ్యాధికి ఆ నీళ్ళు మంచివని పల్లెల్లో తాగేవారున్నారు. తాగదలిస్తే డాక్టరుకు చెప్పి తాగాలేగాని, దాన్ని నమ్ముకొని మందులు మానేయడం ప్రమాదం.

జిట్రేగి కర్ర అందమూ బలమూ కలది. కాని ఆ జాతి చెట్లు ప్రపంచమంతటా తరిగిపోతున్నందున 2017 నుంచి వాటి అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ ఉంది. దొంగచాటుగా కొట్టిన చెట్టుతో చేసిన గరిటె ఎంత నునుపుగా ఉన్నా అది మన వంటింటికి శోభ కాదు. దొంగసొత్తు అని తెలిసి కొనడం మనకు తగదు.

అమ్మీజాన్ డోయీ

మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, బయట తెలుగు మాట్లాడతాం. వంటింట్లో మాత్రం రెండు భాషలూ కలిసిపోతాయి. తెలుగువారి తెడ్డునే అమ్మీజాన్ డోయీ అనేది. చపాతీ పీట మాకు చక్‌లా, అప్పడాల కర్ర మాకు బేలన్. మజ్జిగ చిలికేది మాత్రం ఏ ఇంట్లోనైనా కవ్వమే.

రాగి గిన్నెలో షీర్ ఖుర్మా కాచేటప్పుడు అమ్మీజాన్ కర్ర డోయీ తప్ప ఇనుప గరిటె ముట్టనిచ్చేది కాదు. చిన్నప్పుడు అది ఆమె పట్టుదల అనుకునేవాణ్ణి. ఆ తర్వాత కారణం తెలిసింది. రాగి, ఇత్తడి పాత్రల లోపల తగరంతో కళాయి పూస్తారు. ఆ పూత సన్ననిది. ఇనుప గరిటెతో గీకితే పూత లేచిపోయి, పులుపు తగలగానే వంటలోకి చిలుము దిగుతుంది. కర్ర గరిటె పూతను గీరదు. బుడితి ఇత్తడి పాత్రలకు పేరున్న మన జిల్లాలో ఈ సంగతి పాత ఇల్లాళ్ళందరికీ తెలుసు.

కళాయి వేసేవారు వీధుల్లో తిరగడం తగ్గింది. స్టీలు వచ్చింది. కర్ర గరిటెలు అటకెక్కాయి. అయితే కొత్తగా వచ్చిన నాన్‌స్టిక్ పెనాలకూ పూతే ప్రాణం. అందుకే వాటికీ కర్ర గరిటె వాడమని చెబుతున్నారు. మా కోడలు పట్నంలో దుకాణం నుంచి కర్ర గరిటెల సెట్టు కొనుక్కొచ్చి చూపించినప్పుడు, అమ్మీజాన్ ఉంటే ఎంత నవ్వుకునేదో అనుకున్నాను. ఆ సెట్టు మీద ఏ చెట్టు కర్రో రాసి లేదు. పైన మాత్రం వార్నిష్ తళతళలాడుతోంది. నాకు మళ్ళీ ఆ దేగ్ గుర్తుకొచ్చింది.

ఏటికొప్పాక చూపిన పాఠం

“పెద్ద సామాను నా సేత అవుద్ది గానీ, సన్నపని సూడాలంటే ఏటికొప్పాక ఎల్లండి” అన్నారు ఆచారిగారు. ఆ ఏడాది వేసవి సెలవుల్లో మా ఊరి స్టేషన్‌లో రైలెక్కాను. మా స్టేషన్‌కు శ్రీకాకుళం రోడ్ అన్నది మరో పేరు. విశాఖపట్నం దాటాక నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లో దిగితే ఏటికొప్పాక దగ్గర. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోది, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోది.

లక్కపిడతలు ఎరుగని తెలుగు ఇల్లు ఉండదు. చిట్టి పొయ్యి, చిట్టి బిందె, చిట్టి రోలు, తిరగలి పెట్టుకొని ఆడపిల్లలు వంట ఆడుకునే ఆ సామానంతా ఏటికొప్పాక చేతిపని. కుంకుమ భరిణెలు, గిన్నెలు, డబ్బాలు కూడా అక్కడ చేస్తారు. దానికి వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండే ఆ కర్రను తరిమెన మీద తిప్పుతూ ఉలితో ఆకారం తెస్తారు. తరిమెన పట్టేవాణ్ణి ఉర్దూలో ఖరాదీ అంటాం. ఆకారం వచ్చాక, తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపడతారు. ఒరిపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. లక్క అన్నది మోదుగ, రేగు వంటి చెట్ల మీద బతికే చిన్న పురుగు ఇచ్చే జిగురు. అల్లాహ్ సృష్టిలో వ్యర్థమైనది ఏదీ లేదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఒక దశలో చవకగా దొరికే రసాయన రంగులు ఈ పనిలో చేరాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు విషం కలిసిన రంగు పూయడం ఎంత అన్యాయం! ఆ ఊరివారైన సి.వి. రాజు గారు పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటి వాటి నుంచి తీసిన సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఇదే అంకుడు కర్రతో కర్ణాటకలోని చన్నపట్నలోనూ లక్క పని చేస్తారు. అక్కడి కళాకారుల్లో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. టిప్పు సుల్తాన్ పర్షియా నుంచి పనివాళ్ళను రప్పించి నేర్పించారని అక్కడి ప్రతీతి.

అక్కడ నేను విన్న పెద్ద బాధ గిరాకీ గురించి కాదు, కర్ర గురించి. కొండల మీద అంకుడు చెట్లు తరిగిపోతున్నాయి. అంకుడు పెద్ద మానై పెరిగే చెట్టు కాదు, కాని మొండి చెట్టు. కొమ్మ కొడితే మళ్ళీ చిగురిస్తుంది. ఓపికతో కొమ్మలు మాత్రమే కొట్టుకుంటే తరతరాలకు కర్ర ఇస్తుంది. వేళ్ళతో సహా పెకలిస్తే ఒక్కసారే ఇస్తుంది. చేతిలో విద్య ఉండి, కొనేవాడు ఉండి, కర్ర లేక తరిమెన ఆగిపోవడం కంటే దురదృష్టం ఏముంటుంది?

ప్రవక్త (స) పానపాత్ర

చెక్క సామాను పేదవాడి సామానని చిన్నచూపు చూసేవారున్నారు. వారు ఒక సంగతి తెలుసుకోవాలి. బంగారు, వెండి పాత్రల్లో తినడం, తాగడం నిషేధించిన మన ప్రవక్త (స) కర్ర పాత్రలో తాగారు. ఆ పాత్ర తర్వాత హజ్రత్ అనస్ (రజి) దగ్గర ఉండేది. వెడల్పుగా, మేలైన కర్రతో చేసిన ఆ పాత్ర పగిలితే దాన్ని పారేయలేదు. వెండి తీగతో అతికారు. దానికున్న ఇనుప వలయం తీసి బంగారంతోనో వెండితోనో మరొకటి వేయిద్దామని అనస్ (రజి) అనుకుంటే, ప్రవక్త (స) చేసిన దాన్ని మార్చవద్దని హజ్రత్ అబూ తల్హా (రజి) వారించారు. ఆయన ఆ ఆలోచన మానుకున్నారు. ఈ వృత్తాంతం బుఖారీ గ్రంథంలో ఉంది.

మస్జిదె నబవీలోని మింబర్ కథా ఇలాంటిదే. మదీనా సమీపంలోని గాబా అనే చోటు నుంచి తెచ్చిన కర్రతో, ఒక అన్సారీ మహిళ దగ్గర ఉన్న వడ్రంగి దాన్ని చేశాడు. ఏ చెట్టు కర్రో, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు చేశారో హదీసు వేత్తలు శ్రద్ధగా నమోదు చేశారు. తెలుసుకోదలచినవారు అడిగారు కాబట్టే, చూసినవారు చెప్పారు కాబట్టే పద్నాలుగు వందల ఏళ్ళ తర్వాత మనకు ఆ వివరం తెలిసింది. ఒక గరిటె కొనేటప్పుడు మనం ఆ మాత్రం అడగలేమా?

వడ్రంగి పని దైవప్రవక్తలు చేసిన పని. హజ్రత్ నూహ్ (అలై) అల్లాహ్ ఆజ్ఞతో పలకలు, మేకులతో ఓడ నిర్మించారు. హజ్రత్ జకరియా (అలై) వడ్రంగి అని హదీసు చెబుతోంది. తన చేతి కష్టంతో సంపాదించి తినే తిండిని మించిన తిండి లేదని ప్రవక్త (స) బోధించారు. కాబట్టి తీర్థాల్లో, సంతల్లో కర్ర గరిటెలు పరచుకొని కూర్చున్న మనిషితో పది రూపాయల కోసం గంటసేపు బేరమాడే ముందు ఒక్కసారి ఆలోచించండి. పెద్ద దుకాణంలో అచ్చు వేసిన ధరకు నోరెత్తకుండా డబ్బిచ్చే మనం, చెమటోడ్చిన చేతి దగ్గరే ఎందుకు నోరు పెంచుతాం?

గృహిణులకు కొన్ని సూచనలు

గరిటె కొనేటప్పుడు ఏ చెట్టు కర్ర అని తప్పక అడగండి. చెప్పలేనివాడి దగ్గర కొనకండి. వాసన చూడండి. ఘాటైన మందు వాసన, వార్నిష్ వాసన వస్తే వద్దు. ప్యాకింగ్ పెట్టెల చెక్క, ప్లైవుడ్ ముక్కలు, కూల్చిన ఇళ్ళ తలుపు చెక్కలతో చేసినవి వంటకు పనికిరావు. గన్నేరు కర్రను పొరపాటున కూడా వంటలో పెట్టవద్దు. అది విషపు చెట్టు.

లక్క పూసిన గిన్నెల్లో వేడి పదార్థాలు పోయకండి. లక్క వేడికి మెత్తబడుతుంది. వాటిలో పొడి సరుకులు పెట్టుకోవచ్చు. రంగు వేసిన సామాను పిల్లలకు కొనేటప్పుడు అవి సహజ రంగులేనా అని అడగండి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నుంచి అమల్లో ఉంది. ఆ రంగులు నోట్లో పెట్టుకునే వస్తువుల కోసం తయారైనవి మాత్రం కావు.

కర్ర మీద క్రిములు చేరతాయని భయపడి ప్లాస్టిక్ పలకలు కొనేవారున్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ అనే శాస్త్రవేత్త బృందం 1990ల తొలినాళ్ళలో దీన్ని పరీక్షించింది. కర్ర పలక మీది క్రిములు లోపలికి ఇంకి క్రమంగా నశించాయని, కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ పలకను శుభ్రం చేయడమే కష్టమని ఆ పరిశోధనలో తేలింది. అయితే అది అశ్రద్ధకు అనుమతి కాదు. మాంసానికి ఒక పలక, కూరగాయలకు ఒక పలక వేరుగా ఉంచండి. వాడిన వెంటనే వేడినీళ్ళతో కడిగి, నిలబెట్టి ఆరబెట్టండి. నీళ్ళలో నానబెట్టి వదిలేయకండి. నెలకోసారి కొంచెం కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి ఉంచితే కర్ర పగలదు. పగులులో వంట పదార్థం ఇరుక్కొని శుభ్రం కాకపోతే ఆ గరిటెను మాత్రం వంటలోంచి తీసేయండి.

ఖబ్రస్తాన్‌లో నాలుగు మొక్కలు

ఆచారిగారు ఘోట్నీకి పని కూలి తీసుకున్నారు. కర్ర ఖరీదు అడిగితే, “గాలికి పడ్డ సెట్టుకు ఖరీదేటి? మీరొకటి ఏసేయండి, సరిపోద్ది” అన్నారు. ఆయన చదువుకున్నవారు కాదు. కాని ఆ మాట వినగానే, ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్న ప్రవక్త (స) బోధ నాకు గుర్తుకొచ్చింది. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతనికి సదఖాగా రాయబడుతుందని చదువుకున్నవాణ్ణి, పిల్లలకు చెప్పినవాణ్ణి. నాటమని మాత్రం ఒక వడ్రంగి గుర్తు చేయవలసి వచ్చింది.

ఆ వర్షాకాలంలో కమిటీ అనుమతితో ఖబ్రస్తాన్ ప్రహరీ వెంట రెండు చింత, ఒక పనస, ఒక అంకుడు నాటాం. పనస మొక్కను మేకలు తినేశాయి. మళ్ళీ పెట్టి ముళ్ళకంచె కట్టాం. అంకుడు ఇప్పుడు నా ఎత్తు దాటింది. ప్రతి ఊరి ఖబ్రస్తాన్‌లో, ఈద్గాలో ఖాళీ స్థలం ఉంటుంది. మన పెద్దలు వక్ఫ్ చేసిన ఆ నేలలో ముళ్ళకంపలు పెరగనిచ్చే బదులు నాలుగు పనికివచ్చే చెట్లు పెంచితే నీడకు నీడ, కర్రకు కర్ర, వెళ్ళిపోయినవారి పేరున సదఖా-ఎ-జారియా.

పగిలిన పాత ఘోట్నీని పారేయలేదు. అదీ చింత కర్రేనని ఆచారిగారు చెప్పారు. పగులు లేని ముక్క తీసి ఒక డోయీ చెక్కి ఇచ్చారు. దాన్ని ఆ పెద్దావిడకు ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నేను దుకాణంలో అడగవలసిన ప్రశ్న అడిగింది.

“ఏ చెట్టుది బేటా?”

ఈసారి నా దగ్గర జవాబు ఉంది.

తెలుగులో చేవ అంటే కర్ర లోపలి బలమే కాదు, మనిషి లోపలి బలం కూడా. అడిగి తెలుసుకొనే ఓర్పు, అడగకముందే నిజం చెప్పే ధైర్యం, కొట్టిన చెట్టుకు బదులు మొక్క నాటే బుద్ధి మన ఈమాన్‌కు చేవ వంటివి. అల్లాహ్ మనందరికీ ఆ చేవను ప్రసాదించుగాక. ఆమీన్.